తవుడిచ్చి కొన్న పేరు

3 సెప్టెంబరు 1956, సోమవారం. కోడుమూరు.

మళ్ళీ మొదలైంది.

రెండేళ్ళ కిందట రాసిన నోటుబుక్కును పొయ్యిలో పెట్టినప్పుడు ఇంక ఇట్లా రాసుకునే పని పడదనుకున్నాను. కాగితం బాగా మండింది కూడా, ఆ పూట పుల్లలు మిగిలాయి. ఇప్పుడు బడి నుంచి ఇంకొకటి తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. మా ఆయన మగ్గం గుంతలోనే కూర్చుని ఉన్నాడు. దారాన్ని అటూ ఇటూ తోసే నాడె చేతిలో ఉంది. మెడ ఒక పక్కకు వంచి, దూరం నుంచి ఎవరో చెప్తున్నది వింటున్నట్టున్నాడు. "మామా" అన్నాను. పలకలేదు. దగ్గరికి పోయి మళ్ళీ పిలిచాను. చేతిలో నాడె పటపటమని విరిగింది. గట్టి కొయ్యతో చేసిన నాడె, సుత్తితో కొట్టినా విరగదు. అప్పుడు నా వైపు తిరిగి, "ఏం హంపీ, బడి ఇడిసిపెట్టినారా?" అన్నాడు.

నిద్ర చాలక అయి ఉంటుంది. దసరా చీరల పని మీదుంది కదా.

5 సెప్టెంబరు

కొత్త నాడె కొన్నాము. నిద్ర చాలకే.

9 సెప్టెంబరు, ఆదివారం

ఈ రోజు పోగులు సర్దే దువ్వెనలాంటి పన్నె విరిగింది. అరిచేతిలోకి ముళ్ళు దిగాయి. నేను పీకుతుంటే ఆయన వేరే ఎవరి చెయ్యినో చూసినట్టు చూశాడు. నెత్తురు కూడా సరిగా రాలేదు.

ఇది నిద్ర సంగతి కాదని నాకు తెలుసు. పిల్లలకు పాఠం రాసినట్టు మొదటి నుంచి వరసగా రాసి చూసుకుంటాను. అప్పుడన్నా నా బుర్రకెక్కుతుంది.

ఆయన నలభై రెండులో పట్టాళంలో చేరాడు. నలభై నాలుగులో అస్సాం పక్క అడవిలో ఒక శిబిరం పెట్టి, ఆరుగురిని ఏరి, సూదులు వేశారు. సూదుల తర్వాత వాళ్ళకు ఎద్దులకు లేని బలం వచ్చింది. నొప్పి పోయింది. చెవి వెనక చర్మం కింద జొన్నగింజంత లోహపు గింజ పెట్టారు. అక్కడే ఒక గుడారం నిండా గాజుబుడ్లతో ఒక యంత్రం ఉండేది. ఎవరు ఎక్కడికి పోవాలి, ఎందరు చస్తే పని జరుగుతుంది, అది లెక్క కట్టేది. ఆ గింజలోకి ఈల వేసి, పేరు పెట్టి పిలిచి, ఆజ్ఞ చెప్పేది. పిలిస్తే పోవడమే, కాదనడానికి లోపల మనిషి ఉండడు.

యుద్ధం ముగిసింది. దొరలు పోయారు. యంత్రాన్ని పెట్టెల్లో కట్టి కర్నూలు తెచ్చి, ఏటి ఒడ్డున పాత రాతి గోడౌనులో పడేశారు. తర్వాత కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు కప్పు లేక డేరాల్లో ఫైళ్ళు పెట్టుకున్నారు. ఎవరో మహానుభావుడు ఆ పెట్టెలు విప్పించి, జీతాల లెక్కలకు పనికొస్తుందన్నాడు. పనికొచ్చింది. గుమాస్తాలు దానికి లెక్కల దొర అని పేరు పెట్టారు. ఒకరోజు ఎవరూ అడగకుండానే దొర తన మనుషులను పిలిచాడు. యుద్ధం అయిపోయిందని దానికి ఎవరు చెప్పారు గనక?

అది రెండేళ్ళ కిందటి మాట. ఆరుగురిలో ఇద్దరు యుద్ధంలోనే పోయారు. కడప పక్కవాళ్ళు ఇద్దరు ఆ పిలుపుకు పోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మిగిలింది మా ఆయన, ఆత్మకూరు పెద్ద ఈరన్న. యంత్రం కాసేపు పిలుపు ఆపిన సందులో వీళ్ళిద్దరే గోడౌనులోకి దూరి దాని తీగలు పీకి తుంగభద్రలో పారేశారు. ఇంక అయిపోయిందన్నారు అందరూ. నేను కూడా అన్నాను.

23 సెప్టెంబరు, ఆదివారం

పెద్ద ఈరన్న ఆత్మకూరు నుంచి వచ్చాడు. గంపెడు సీతాఫలాలు తెచ్చాడు. గంపను గుమ్మంలో దించి, నీళ్ళు కూడా అడగకుండా, "ఆయప్పకు వినబడతాందా హంపమ్మా?" అన్నాడు.

నేను గంపను లోపలికి జరిపాను.

"నాకి పొద్దున పొద్దున వినబడతాంది. ముందర ఈల. మల్ల నా పేరు. రైలు వంతెన అంటాది. అంతే చెప్పి ఆగిపోతాది."

"దాన్ని మీరే పీకి పారేసినారు గదన్నా."

"పీకినాము. ఎవడో మల్ల అతికిచ్చినాడు. రాజధాని హైదరాబాదుకు పోతాండాదంట గదా, ఏ పెట్టె ఏ బండిలో పోవల్ల, లెక్క కావల్లంట. ఆ దొర లేకుంటే వీళ్ళకి లెక్కలు రావంట."

"పోయేవాళ్ళు పోతే దానికేంటికి నొప్పి?"

ఈరన్న ఒక పండు విప్పి గింజలు అరచేతిలోకి ఊశాడు. "లారీల్లో సామాను ఎక్కిస్తాంటే దానికి ఎట్లుంటాది? శత్రువొచ్చి దండును దోచుకుపోతాండాడని ఉంటాది. వంతెన పడగొడితే సామాను ఏరు దాటదు గదా. దాని లెక్క అది సరిగ్గానే కట్టుకునింది తల్లీ."

ఆయన గుంతలోంచి లేచి వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరికీ మెడ ఒకే పక్కకు వంగి ఉంది.

"ఈసారి పిలిస్తే పోతావా ఈరన్నా?" అన్నాడు ఆయన.

"కాళ్ళు పోతాయప్పా. నేనేమి చేసేది?"

మిగిలిన పండ్లు తినబుద్ధి కాలేదు. బడికి తీసుకుపోయి పిల్లలకు పంచాను.

30 సెప్టెంబరు, ఆదివారం

ఇద్దరం బస్సెక్కి కర్నూలు పోయి డాక్టర్ నిజాముద్దీన్ సాబును చూశాము. ఆ శిబిరంలో సూదులు వేసినవాడు ఆయనే. ఇప్పుడు పాతబస్తీలో పిల్లల దగ్గుకు మందిస్తున్నాడు. మమ్మల్ని చూడగానే ఎందుకొచ్చామో ఆయనకు తెలిసిపోయింది.

గింజను తీయడానికి లేదు. తీయబోతే మనిషి మిగలడు. మందు ఒకటే ఉందన్నాడు.

"మేము ఆ శిబిరంలో వాళ్ళని నిద్రపోనీకుండా, పట్టాళం పేరు చెవుల్లో నూరిపోసినాము బేటీ. ఆ పేరు మీదనే ఆ బలం, ఆ విధేయత, అన్నీ కట్టినాము. దానికంటే ముందర ఏ పేరుతో పిలిస్తే పలికేవాడో, ఆ పేరుతో పిలిస్తే కింద ఉండే మనిషి లేచొస్తాడు."

"ఈరన్నకు?"

"ఆయనకి ఇంట్లో, పట్టాళంలో ఒకటే పేరు. దారి లేదు." డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ ఆయన పట్టాళంలో వీరభద్రుడని రాయించుకున్నాడు. అసలు పేరు అది కాదంట గదా. చెప్పు."

నేను చెప్పలేదు. మా ఆయన సిగ్గుతో గోడ వైపు తిరిగాడు. భర్త పేరు భార్య నోట రాకూడదు, వస్తే ఆయుస్సు తగ్గుతుంది. నేను టీచర్నే. భూమి గుండ్రంగా ఉందని పిల్లలకు చెప్తాను. ఈ సంగతి మాత్రం వేరు.

మా అత్త తిమ్మమ్మకు ముందు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. ఆయన పుట్టగానే చేటలో వేసి ఎరువు దిబ్బ మీద పెట్టారు. పక్కింటామె ఎత్తుకొచ్చి, "నాకి దొరికినాడు, కొంటావా?" అంటే, మా అత్త చేటెడు తవుడిచ్చి కొనుక్కుంది. చావు వచ్చి చూసినా, ఇది చెత్త మీద బిడ్డ, నాకెందుకని పోతుందట. ఆ దిబ్బ పేరే బిడ్డకు పెట్టింది. పట్టాళంలో చేరేటప్పుడు ఆయనకు ఆ పేరు చెప్పడానికి సిగ్గేసింది. నాకు ఆరేళ్ళప్పుడు ఒకసారి ఆ పేరుతో పిలిచాను. "కట్టుకోబోయేవాన్ని పేరు పెట్టి పిలుస్తావా?" అని అత్త అట్లకాడతో ఎడమ మణికట్టు మీద వాత పెట్టింది. మచ్చ ఇంకా ఉంది.

"పేడా చెత్తా వేసే చోటును ఏమంటారో అదే" అన్నాను డాక్టరుతో.

"పెంటయ్య?"

కాదన్నాను.

"కుప్పయ్య? దిబ్బయ్య?"

"మన పక్క ఏమంటారో చూడండి."

"యా అల్లా! వంతెన పోతాది, మనిషి పోతాడు, పేరు మాత్రం బయటికి రాదు." లోపలికి కేకేసి వంటామెను అడిగాడు. ఆమె చెప్పింది. నేను తల వంచుకున్నాను. మా ఆయన గోడ వైపే తిరిగి నవ్వుతున్నాడు. చాలా రోజులకు నవ్వాడు.

వచ్చేటప్పుడు డాక్టరు ఇంకొక మాట అన్నాడు. కింద మనిషి లేస్తే, పైన కట్టిందంతా కూలొచ్చు. పట్టాళం పేరు వచ్చిన తర్వాత జరిగినవి ఏవీ గుర్తుండకపోవచ్చు. మా పెళ్ళి నలభై ఆరులో అయింది.

డాక్టర్లు అన్నీ చెప్తారు. నా భయం ఆయుస్సు గురించే.

2 అక్టోబరు

బడికి సెలవు. ఆయన అంతా బాగానే ఉన్నాడు.

13 అక్టోబరు, శనివారం

మగ్గానికి ఆయుధపూజ చేశాము. పసుపు, కుంకుమ, టెంకాయ. ఆయన టెంకాయను వేళ్ళతో నొక్కి పగలగొట్టాడు. అలవాటు మీద చేశాడు, తర్వాత తనే సిగ్గుపడ్డాడు.

"ఈల వస్తే నన్ను కట్టెయ్యి హంపీ."

"దేంతో కట్టేది? పోయినసారి బండి గొలుసు తెంచినావు."

"అయితే పిలువు."

నేను పూలు సర్దుతూ ఉండిపోయాను.

"డాక్టరు ఇంకో మాట కూడా చెప్పినాడు. నేనూ ఆడనే ఉంటి గదా, విన్యా" అన్నాడు. "నేను మర్చిపోతే నీకి గుర్తుంటాది గదా? ఇద్దర్లో ఒకరికుంటే చాలదా?"

చాలదు అని చెప్పాలనిపించింది. పండగపూట ఎందుకని ఊరుకున్నాను.

16 అక్టోబరు, మంగళవారం

పోయాడు.

పొద్దున రొట్టెలు కాలుస్తున్నాను. వసారాలో ఏదో పడ్డ చప్పుడైంది. చూస్తే ఆయన నిలబడి ఉన్నాడు. మగ్గం పడుగు దారమంతా ఆయన నడుముకు చుట్టుకుని తెగిపోతూ ఉంది. నన్ను దాటి పోయాడు. ముందున్న మట్టిగోడకు వాకిలి పక్కనే ఉంది. వాకిట్లోంచి పోలేదు. గోడలోంచి పోయాడు. వీధిలో మగవాళ్ళు ముగ్గురు చేతులు పట్టుకుని వేలాడారు. వాళ్ళతో సహా చాలా దూరం నడిచి, విదిలించాడు. ఒకతని కాలు విరిగింది.

"మామా" అని అరిచాను. గొంతు పోయేదాకా మామా అనే అరిచాను. ఆ పేరు పళ్ళ దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఆయుస్సు తగ్గుతుందని.

రొట్టె పెనం మీదే మాడిపోయింది.

18 అక్టోబరు, కర్నూలు

డాక్టరుగారి ఇంట్లో ఉన్నాను. గోడౌను కాపలాదారు దాసన్న వచ్చి చెప్పి పోయాడు. ఈరన్న గోడౌను తలుపు ముందు నిలబడ్డాడట. ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. పట్టుకోబోయిన ఇద్దరు జవాన్లకు చేతులు విరిగాయి. లోపల ఆయిల్ ఇంజను తిరుగుతూనే ఉంది, నూనె ఈరన్నే పోస్తున్నాడు.

"నేను ఈడ కాపలాగాన్నన్నా, నన్ను లోపలికి పోనీ అంటి. నన్ను రెండేండ్ల బిడ్డని తీసినట్ల తీసి పక్కన పెట్టినాడు డాక్టర్ సాబ్. కొట్టలేదులే" అన్నాడు దాసన్న.

చెప్పాల్సిన చోటల్లా చెప్పాము. కాగితం మీద రాసిమ్మన్నారు, రాసిచ్చాము. అందరూ సామాన్లు కట్టుకుంటున్నారు. మా కాగితం కూడా ఏదో పెట్టెలో హైదరాబాదు పోతుంది.

ఫైళ్ళు, గుమాస్తాల కుటుంబాలు పోయే రైలు సోమవారం పొద్దున. దొరకు ఆ సంగతి మాకంటే ముందే తెలుసు. రైలు వేళలు కట్టింది అదే.

19 అక్టోబరు

ఆయన వంతెన కింద ఇసుకలో కూర్చుని ఉన్నాడు. వానలు సరిగా లేక ఏరు ఆ పక్క పాయలోనే పారుతోంది. మూడు రోజులుగా ఏమీ తినలేదు. రొట్టె, చెనక్కాయల పొడి తీసుకుపోయాను. ముందు పెట్టాను. చూడలేదు. తుంచి నోటి దగ్గర పెట్టాను. ఈగలు వాలాయి.

పక్కనే కూర్చున్నాను. బడి కబుర్లు చెప్పాను. నాలుగో తరగతిలో ఒక పిల్ల తుంగభద్ర ఎక్కడ పుట్టిందంటే కోడుమూరు బస్టాండులో అని రాసింది. ఇంట్లో అయితే పడిపడి నవ్వేవాడు.

పిలవడానికి సోమవారం దాకా సమయం ఉంది.

20 అక్టోబరు

రేపు పిలుస్తాను.

21 అక్టోబరు

ఈ రోజు ఆదివారం. రేపు పొద్దున్నే పోతాము. నేను పిలవకపోయినా, డాక్టరు పిలిస్తే సరిపోతుందేమో. పేరు తెలుసు కదా ఆయనకు.

23 అక్టోబరు, మంగళవారం

నిన్నటి సంగతి రాస్తున్నాను.

దాసన్నను గోడౌను దగ్గర చాటుగా నిలబడమని డాక్టరు చెప్పాడు. ఈరన్న తలుపు వదిలి కదిలితే, లోపలికి పోయి ఇంజను ఆపడమే అతని పని. మేమిద్దరం వంతెన మీదికి పోయాము. అప్పటికే ఆయన పైకెక్కి ఉన్నాడు. పట్టాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బోల్టులను వేళ్ళతో లాగుతున్నాడు. మనం పాలకూర మొక్కలు పీకినట్టు పీకి, పక్కన కుప్ప పెడుతున్నాడు. ఒక పక్క పట్టా అప్పటికే వదులై, అంగుళం జరిగింది.

కర్నూలు స్టేషన్ వైపు పొగ లేచింది.

డాక్టరు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి ఆ పేరు పిలిచాడు. ఆయన చేతులు ఆగాయి. మెడ కొంచెం తిరిగింది. నా ప్రాణం లేచి వచ్చింది. మళ్ళీ వంగి బోల్టు పట్టుకున్నాడు.

"నా గొంతు ఆ పేరుకు కొత్త బేటీ" అన్నాడు డాక్టరు. "చిన్నప్పుడు ఆ పేరుతో పిలిచిన గొంతు కావల్ల. ఆయన తల్లి లేదు. నువ్వే ఉండావు." ఆ మాట అని గొడుగు విప్పి, రైలుకు ఎదురుగా పట్టాల వెంట పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి, చెప్పులు ఊడిపోయినా ఆగలేదు.

నేను, ఆయన, వంతెన. అంతే.

ఆయుస్సు గురించి నాకెప్పుడూ అంత భయం లేదు. ఇప్పుడు రాస్తున్నాను కదా, ఒప్పుకుంటే ఏమైంది? ఆయన నన్ను మర్చిపోతాడని భయం. పదేళ్ళ కాపురం ఒక్క పిలుపుతో నా నోటితోనే తుడిచెయ్యాలంటే ఏ ఆడది పిలుస్తుంది? నా వైపు చూడని మనిషిగానైనా సరే, ఈ రాయిలాగానైనా సరే, నా మొగుడుగా ఉంటే చాలనుకున్నాను మూడు రోజులూ. ఆ రైల్లో చంటిపిల్లలున్నారని తెలిసీ అనుకున్నాను.

రైలు కూత వినబడింది.

"తిప్పన్నా!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మళ్ళీ పిలిచాను. "తిప్పన్నా! ఓ తిప్పన్నా!"

ఆయన తల ఎత్తాడు. చుట్టూ చూశాడు. కింద ఏరు చూసి పట్టా గట్టిగా పట్టుకున్నాడు, పడిపోతానన్నట్టు. తర్వాత నన్ను చూశాడు. ముఖమంతా కుర్రవాడి ముఖమైంది.

"హంపీ? నువ్వేమే ఈడ? మీ నాయన యాడ?"

ఏడవడానికి సమయం లేదు. రైలు వంతెన మొదట్లోకి వచ్చేసింది. డాక్టరు గొడుగు చూసి వేగం తగ్గించారు కానీ, ఆగేటట్టు లేదు. "తిప్పన్నా, ఆ పట్టా జరిగింది చూడు. దాన్ని ఉన్నచోట పెట్టి పట్టుకో. రైలు పోయేదాకా వదలొద్దు."

ఏమిటి, ఎందుకు అని అడగలేదు. మామ కూతురు చెప్పింది, చేశాడు. పట్టా పక్కన పడుకుని, కాళ్ళు ఇనుప దూలానికి తన్నిపెట్టి, భుజంతో పట్టాను లోపలికి నెట్టి ఆపాడు. డబ్బాలు ఒక్కొక్కటే ఆయన తలకు జానెడు దూరంలో పోయాయి. ప్రతి చక్రానికీ భుజం అదిరింది. బలం ఇంకా పూర్తిగా పోలేదు కానీ, ఈసారి ఆయనకు నొప్పి తెలిసింది. "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు. వదల్లేదు. కిటికీలోంచి ఒక పిల్ల నాకు చెయ్యి ఊపింది. నేను కూడా ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు.

రైలు దాటిపోయాక ఒడ్డున ఈరన్న కనిపించాడు. ఇక్కడ పని కాలేదని దొర అతన్ని పిలిచినట్టుంది. గుర్రానికి కూడా అంత వేగం ఉండదు. మా వైపే వస్తున్నాడు. సగం దూరంలో కాళ్ళు తడబడి, ఇసుకలో బోర్లా పడ్డాడు. సరిగ్గా అప్పుడే దాసన్న ఇంజను ఆపాడు.

ఈరన్న సాయంత్రం దాకా ఉన్నాడు. గుండె అంత వేగానికి తట్టుకోలేదన్నాడు డాక్టరు. చివరికి తెలివి వచ్చింది. "బండి పోయిందా తల్లీ?" అన్నాడు. పోయిందన్నాను. "మంచిదైంది" అన్నాడు.

24 అక్టోబరు

ఈరన్న భార్య చౌడమ్మ ఆత్మకూరు నుంచి బండి కట్టించుకుని వచ్చింది. నన్ను పట్టుకుని, "నాకి కూడా ఇంకో పేరుంటే పిలిచుందును గదా హంపమ్మా" అని ఏడ్చింది.

దాసన్న దొర గాజుబుడ్లన్నీ కర్రతో పగలగొట్టి, ఇనుమంతా ఏటి మడుగులో వేశాడు. జీతంలో పట్టుకుంటారేమోనని ఇప్పుడు భయపడుతున్నాడు.

27 అక్టోబరు. కోడుమూరు.

ఇంటికి వచ్చాము. ఆయన కూలిన మట్టిగోడ చూసి, "ఎవరు పడగొట్టినారు?" అన్నాడు.

అమ్మ ఏదని అడిగాడు. పోయిన ఏడు పోయిందని చెప్పాను. అప్పుడు ఎంత ఏడ్చాడో మళ్ళీ అంత ఏడ్చాడు. రెండోసారి చూడటం నా వల్ల కాలేదు. వంటింట్లో కూర్చున్నాను.

బలం పోయింది. బిందె ఎత్తితే ఆయాసం. డాక్టరు చెప్పి పంపిన మందులు రెండు. ఒకటి గుండెకు. రెండోది, రోజూ లేవగానే నేను ఆయనను ఆ పేరుతో పిలవాలి. గింజ ఇంకా చెవి వెనకే ఉంది. ఏ రేడియో కూతకో పట్టాళంలో కట్టిన ఆ పైమనిషి లేస్తే ఈసారి గుండె ఆగుతుంది. మామా అని పిలిచినా ప్రమాదమే, అది పైమనిషికి అలవాటైన పిలుపు.

కాబట్టి రోజూ ఆ ఎరువు తిప్ప పేరే పిలుస్తున్నాను. వీధిలో ఆడవాళ్ళు నోరు నొక్కుకుంటున్నారు.

29 అక్టోబరు

నా మెడలో తాళి ఈ రోజు చూశాడు.

"నీ పెండ్లి ఎప్పుడైందే? నాకి చెప్పనే లేదు." గొంతులో నిష్ఠూరం ఉంది.

చెప్పేశాను. నువ్వే కట్టినావన్నాను. పెద్దగా నవ్వాడు. "నాతో పరాచికాలు ఆడొద్దు హంపీ. నేను నీ మొగున్నైతే పొద్దున లేస్తూనే తిప్పన్నా, తిప్పన్నా అని పేరు పెట్టి పిలుస్తావా? మా అమ్మ వాత పెట్టింది మర్చిపోయినావా? ఏదీ, మానిందా?" అని నా మణికట్టు పట్టుకుని చూశాడు.

ఇరవై రెండేళ్ళ నాటి వాత. మానిందన్నాను.

1 నవంబరు, గురువారం

బడిలో జెండా, మిఠాయి. కొత్త రాష్ట్రం. కర్నూలు మళ్ళీ ఒట్టి కర్నూలయింది.

2 నవంబరు

దీపావళి. ఇంటి ముందు రెండే దీపాలు పెట్టాను. ఒకటి ఈరన్నకు. టపాకాయలకు ఆయన చెవులు మూసుకున్నాడు. పిలుస్తూ పక్కనే కూర్చున్నాను.

5 నవంబరు

వసారాలో పడుకుంటున్నాడు. "మీ ఆయన ఊర్లో లేనప్పుడు నేను లోపల పడుకుంటే బాగుండదు" అన్నాడు. పెళ్ళి నాటి ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "నా మాదిరే ఉండాడే" అన్నాడు.

కోపమొచ్చింది. ఫోటో లాక్కుని పెట్టెలో వేసి మూత దబ్బున మూశాను. ఒక పూట మాట్లాడలేదు. సాయంత్రం భయమేసి పిలిచాను. పలికాడు.

11 నవంబరు, ఆదివారం

తెగిన పడుగంతా అతికించుకుని మళ్ళీ మగ్గం ఎక్కాడు. ఇప్పుడు నాడె విరగదు. నెమ్మదిగా నేస్తున్నాడు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. నేను పక్కన కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాను.

"హంపీ, మీ ఆయన పేరేంది?" అన్నాడు, నేత మీద నుంచి చూపు తిప్పకుండా.

పదేళ్ళు ఎవరడిగినా పక్కనున్న పిల్లల చేత చెప్పించాను. బడి రిజిస్టరులో కూడా హెడ్మాస్టరు చేతే రాయించాను.

"తిప్పన్న" అన్నాను.

నాడె ఆగింది. "అట్ల పేరు చెప్తే ఆయుస్సు తగ్గదా?"

"తగ్గితే తగ్గనీ. చెప్పకుంటే మనిషే లేడు."

అంచు దగ్గర ఒక పోగు సరిచేశాడు. "మంచోడేనా?"

"పోట్లాడితే మూతి ముడుచుకుని మూడు దినాలు కూర్చుంటాడు. రొట్టె మాడినా ఏమనకుండా తింటాడు. మంచోడే."

"ఎప్పుడొస్తాడు?"

"తెలీదు."

ఆయన గుంతలో కొంచెం జరిగి, కండెల గంప పెట్టుకోవడానికి నాకు చోటిచ్చాడు. ఎప్పుడూ జరిగే పక్కకే జరిగాడు.

"అట్లయితే ఆయప్ప వచ్చేదాకా నేను ఈడనే ఉంటాలే" అన్నాడు.

"ఉండు తిప్పన్నా" అన్నాను.